డాగుల దుకాణం పెద్దమ్మ

పోయిన వారం హన్మకొండలో కొత్తగా తెరిచిన పెద్ద షోరూముకు దుప్పటి కొనడానికి పోయాను. అద్దాల మీద సగానికి సగం తగ్గింపని మనిషంత అక్షరాలు. సగం తగ్గించారంటే అంతకుముందు రెండింతలు పెంచారని దుకాణదారుల ఇంట్లో పుట్టిన పసిపిల్లకు కూడా తెలుసు. అయినా పోయాను. తగ్గింపు బోర్డు కనబడితే కాళ్లు అటు తిరగడం నాకు పుట్టుకతో వచ్చిన రోగం.

దుప్పటిని కౌంటరు మీద పరిచి, గోళ్ల వెనక భాగంతో ఒక మూల నుంచి ఇంకో మూలకు మెల్లగా రాస్తున్నాను. సేల్స్ పిల్ల కొంతసేపు చూసి ఉండబట్టలేక అడిగింది.

"ఏం ఎతుకుతాన్రు మేడం?"

"చీమను."

ఆ పిల్ల రెండడుగులు వెనక్కి జరిగింది. "మా దగ్గర చీమలుండయ్ మేడం. నెలనెలా మందు కొట్టిస్తం."

దొరికింది. కుడి మూలకు జానెడు దూరంలో నాలుగు పోగులు ముద్దకట్టి, నువ్వుగింజంత. చూపించాను. "గిదా? గిదెవ్వలు సూస్తరు మేడం, పరుపు కిందికి మడుస్తరు గద," అన్నది. నిజమే, ఎవరు చూస్తారు? వెనుకటి నేనైతే ఆ నువ్వుగింజ పేరు మీద అరగంట నిలబడి, మేనేజరును పిలిపించి, రెండు దిండు గలీబులు ఊరికే తెచ్చుకునేదాన్ని. ఆ రోజు చెప్పిన ధర ఇచ్చి, సంచి పట్టుకొని బయటపడ్డాను. ఓపిక లేదు. ఆటో కోసం ఎండలో నిలబడ్డప్పుడు అనిపించింది, పోగుల ముద్దను చీమ అనే మనిషి ఈ ఊళ్లో ఇక నేనొక్కదాన్నే మిగిలానని. నాకు ఆ మాట నేర్పినామె పోయి నెల దాటింది.

ఆమెకు పేరు లేక కాదు. ఆ పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు. వరంగల్ బట్టల బజారు వెనక సందులో వాళ్ల దుకాణానికి ఏదో దేవుడి పేరుతో బోర్డు ఉండేది. దాన్ని చదివినవాళ్లూ లేరు. ఊరంతటికీ అది డాగుల దుకాణం, ఆమె డాగుల దుకాణం పెద్దమ్మ. షోలాపూరు, భివండి మిల్లుల్లో నేతలో చెడిపోయిన దుప్పట్లు, తువ్వాళ్లు, చీరలు అక్కడికి మూటలుగా వచ్చేవి. డాగు అంటే అక్కడ మరక ఒక్కటే కాదు. పోగు తెగినా, రంగు అంటుకున్నా, అంచు వంకర పోయినా అన్నీ డాగులే. ఎన్ని డాగులుంటే ధర అంత తక్కువ. షోలాపూరులో మిల్లు మూతబడితే తిరిగొచ్చిన మొగుడూ పెళ్లాలు కలిసి పెట్టిన దుకాణం అది. ఆయన సరుకు తెచ్చేవాడు, ఆమె అమ్మేది.

అమ్మడమంటే మనం అనుకునే అమ్మడం కాదు. మీరు ఒక దుప్పటి ఏరుకున్నారనుకోండి. ఆమె దాన్ని ఒళ్లో వేసుకొని, చెయ్యి చీరకు తుడుచుకొని, గోళ్ల వెనక భాగంతో ఒకసారి నిమిరేది. తర్వాత చిన్నపిల్లలకు బియ్యంలో అక్షరాలు దిద్దించేటప్పుడు పట్టుకున్నట్టు మీ చూపుడువేలు పట్టుకొని, ఆ డాగు మీద పెట్టేది.

"సూసినవా?"

మీరు తల ఊపితే చాలదు.

"సూసిన అను."

సూసిన అనకపోతే సరుకు లేదు. డబ్బు చేతిలో పెట్టినా లేదు. డాగులకు ఆమె పెట్టుకున్న పేర్లుండేవి. పోగులు ముద్దకట్టిన చోటు చీమ. పోగు పోయి గీత పడిన చోటు బాట. మిల్లు నూనె చుక్క పడిన చోటు బొట్టు. "దీంట్ల రెండు చీమలు, ఒక బాట. బాట నడిమిట్లుంది, మీద పండితే కనవడది. సూసినవా?"

నేను పెరిగిన ఇంట్లో ఇది వింతల్లోకెల్లా వింత. మాది అదే బజారులో ఇత్తడి, స్టీలు సామాన్ల దుకాణం. ఇత్తడి బిందెను ఒక దిక్కు మీటితే గుడిగంట లెక్క మోగుతుంది, అతుకు పడ్డ దిక్కు మీటితే పగిలిన కుండ లెక్క పలుకుతుంది. ఎటు మీటాలో మా బాపు వేలికి కళ్లతో పని లేకుండానే తెలుసు. "సరుకు గురించి మనం చెప్పాలె, లోపం గురించి గిరాకి చెప్పాలె. రెండూ మనమే చెప్తే ఇగ గిరాకికి పనేముంటది?" అనేవాడు. డాగుల దుకాణం ఆర్నెల్లు నడవదని బజారంతా తీర్మానం చేసింది. అదే బజారు ఆడవాళ్లంతా మధ్యాహ్నం మగవాళ్లు కునుకు తీసే వేళకు కొంగు కప్పుకొని ఆ సందులోకి పోయేవాళ్లు. అట్లా మా అమ్మ వెంట పోయినదాన్నే నేను. పన్నెండేళ్లుంటాయి.

మా అమ్మ "సూసిన, సూసిన" అని తొందరపడుతుంటే ఆమె నా వేలు పట్టుకుంది. "మీ అమ్మ సూడలే, నోటితోని అంటాంది. నువ్వు సూడు సావుకారి బిడ్డా." ఆమె వేళ్లు గరుకుగా ఉన్నాయి. ఆ వేళ్ల కింద నా వేలికి మొదటిసారి చీమ తగిలింది. అప్పటి నుంచి ఏ బట్ట ముట్టుకున్నా నా వేలు దాన్ని వెతుకుతూనే ఉంది. చదువుకున్న చదువు ఎటు పోయిందో కాని ఇది పోలేదు.

ములుగు దిక్కు నుంచి వచ్చిన ఒకాయన నాకు ఇప్పటికీ కళ్ల ముందు ఉన్నాడు. ఇంట్లో పెళ్లి, వచ్చిన చుట్టాలు పడుకోవడానికి పది దుప్పట్లు ఏరుకున్నాడు. బస్సుకు టైమైంది.

"బస్సెల్తది అవ్వా, కట్టియ్యరాదు!"

"ఎల్లనియ్, ఇంకోటొస్తది. ఏలు దే."

"పదింటికి పదిసార్లు సూడాల్నా?"

"పదింటికి డాగులున్నయ్ గద."

నాలుగో దుప్పటికి ఆయన సహనం అయిపోయింది. "సూసిన, సూసిన! మా తాతను సూసిన, ముత్తాతను సూసిన, ఇయ్యవే తల్లీ!"

ఆమె నవ్వలేదు. "మీ ముత్తాతకు బాట లేదు, దీనికుంది. ఏలు దే."

బస్సు పోయింది. ఆయన దుప్పట్ల మూట మీద కూర్చొని ఆమె తెప్పించిన చాయ్ తాగుతూ, వచ్చిన ప్రతి గిరాకికీ "ముందుగల్ల ఏలు సాపుండ్రి, లేకపోతే బస్సెల్తది" అని చెప్పుకుంటూ ఉండిపోయాడు.

ఇంకోసారి పరకాల నుంచి ఒకామె వియ్యపురాలిని వెంటబెట్టుకొని వచ్చింది, ఆమెకు చీర పెట్టడానికి. డాగు సంగతి ఎత్తొద్దని పెద్దమ్మకు కళ్లతో సైగ చేసింది. పెద్దమ్మ ఆ సైగ చూసింది కూడా. చూసి, వియ్యపురాలి వేలే పట్టుకుంది. "కట్టుకునేదానివి నువ్వు. నువ్వే సూడు."

"అంటే నాకు డాగు చీర పెడ్తానవా వదినా?" అని ఆ వియ్యపురాలు లేచింది. లొల్లి సందు చివరి దాకా వినబడింది. పెద్దాయన, అంటే ఆమె మొగుడు, మూటల వెనక్కి పోయి లేని సరుకు సర్దడం మొదలుపెట్టాడు. అరగంటకు లొల్లి చల్లారింది. వియ్యపురాలు నాలుగు డాగు చీరలు ఏరుకుంది, రెండు తనకు, రెండు తన చిన్న కొడుకు అత్తగారికి పెట్టడానికి.

"నేను కొనుక్కొస్త, ఈమె తిట్టి అమ్ముతది," అనేవాడు పెద్దాయన. "జర మెల్లగ చెప్పవే" అని ఆమెను ఎన్నిసార్లు బతిమాలాడో. ఆమెకు మెల్లగా చెప్పడం చేతకాదు. దాచడం అంతకన్నా చేతకాదు. ఎప్పుడైనా ఒక డాగు ఆమె వేలికి తప్పిపోయి, కొన్నవాళ్లు ఇంటికి పోయి చూసుకొని తిరిగొస్తే, బట్ట వాపసు తీసుకొని ఆ పూట అన్నం ముట్టకపోయేది. టిఫిను డబ్బా మూత కూడా తీయకుండా ఆ డాగు మీద గోరు ఆడిస్తూ కూర్చునేది. అలిగిందని మేం నవ్వుకునేవాళ్లం.

నా ఘనకార్యం కూడా చెప్పాలి. పెళ్లై రెండేళ్లయింది. అత్తగారింట్లో బేరగత్తెనని పేరు తెచ్చుకున్నాను. ఆ పేరును నిలబెట్టుకోవడానికి నానా తిప్పలు పడుతున్నాను. డాగుల దుకాణంలో బేరం లేదు, డాగు ఉంటేనే తగ్గింపు. నాకు నచ్చిన పూల దుప్పటికి ఒక్క బొట్టే ఉంది. చుట్టూ చూసి, దొంతర వెనక నిలబడి, పిన్నీసుతో రెండు పోగులు లాగాను. ఏమీ ఎరగనట్టు తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాను.

ఆమె గోళ్లు ఆ చోటికి వచ్చి ఆగాయి.

"ఇది మిల్లుల పుట్టింది గాదు," అన్నది. "మిల్లు డాగు ఎప్పుడో సల్లవడ్డది, నిద్రపోతది. ఇది ఇంకా కొట్టుకుంటాంది, సూడు."

నిజంగానే ఆ పోగు కొస ఇంకా ముడుచుకుంటూ ఉంది.

"పిన్నీసు ఏడ వెట్టినవ్?"

దుకాణంలో పదిమంది ఆడవాళ్లున్నారు. పిన్నీసును పిడికిట్లో దాచుకున్నాను.

"మిల్లు డాగుకు నేను తగ్గిస్త. నీ డాగుకు మీ బాపు తగ్గిస్తడు, పో."

ఆ దుప్పటి నిండు ధరకు కొన్నాను. మూడు నెలలు ఆ సందు ముఖం చూడలేదు. నాలుగో నెల ఆమే కబురు పంపింది: "సావుకారి బిడ్డను రమ్మను, కొత్త మూట ఇప్పుతాన్న." పోయాను. ఆ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. మూట విప్పి, "నీ ఏలు మంచిది, బుద్ధే జర ఆగం. సూడు," అని పక్కన కూర్చోబెట్టుకుంది. తర్వాత ఇరవై ఏళ్లు, మూట విప్పినప్పుడల్లా నాకు పిలుపు వచ్చేది. మా ఇంట్లో ఏ అల్మారా తెరిచినా డాగులే.

పెద్దాయన పోయాక దుకాణం పలచబడింది. సరుకు తెచ్చే మనిషి లేడు. ఏజెంట్లు ఫోనులో ఫొటోలు పంపేవాళ్లు. "ఫొటోకు ఏలు పెడితే గాజే తగుల్తాంది పిల్లా, నేనేం సూడాలె?" అనేది. ఊళ్లో పెద్ద పెద్ద షోరూములు వచ్చాయి. జనానికి వేలు చాపే తీరిక లేదు, ఇంట్లో కూర్చొని ఫోనులో కొంటున్నారు, నచ్చకపోతే వాపసు పంపుతున్నారు. ఆమె మోకాళ్లు అరిగిపోయాయి. పిల్లలు లేరు. పాలకుర్తిలో చెల్లెలి కొడుకు ఉన్నాడు కాని, వాడింటికి పోయి ఉండనన్నది.

ఒక రోజు పొద్దున మా ఇంటికి వచ్చింది. అన్నేళ్లలో మా గడప తొక్కడం అదే మొదలు. సోఫా అంచు మీద కూర్చొని, సోఫా గుడ్డను గోటితో నిమిరి, ఏదో దొరికినట్టుంది, మర్యాదకు ఊరుకుంది.

"పిల్లా, నువ్వు బేరమాడుతవ్ గద. నా తరపున ఆడు."

దుకాణం ఉన్న మడిగ, అంటే ఆ కొట్టు గది, వాళ్ల సొంతం. అది అమ్మితే హన్మకొండలో ఒక గల్లీలో రెండు గదుల ఇల్లు కొనుక్కోవచ్చు. నేను పోయి చూశాను. చిన్న ఇల్లు, కాని కింది ఇల్లు, ఒక్క మెట్టు లేదు. నల్లా వాకిట్లోనే. ఆమె దాన్ని చూసి వచ్చిన రోజు నా ముందే మోకాలు నిమురుకుంటూ, "నల్లా కాడ కూసోని గిన్నెలు తోముకోవచ్చు పిల్లా," అని రెండుసార్లు అన్నది. ఆ ఇంటివాళ్లు ఒక నెల ఆగుతామన్నారు. వాళ్లు చెప్పిన ధర ఎంతో, మడిగకు కనీసం అంత రావాలి.

జీవితంలో మొదటిసారి అమ్మే దిక్కు కూర్చున్నాను. బాపు నేర్పిన విద్యలన్నీ బయటికి తీశాను. కొనడానికి వచ్చినాయన ఫోన్ల దుకాణం పెట్టుకునే ముప్పై ఏళ్ల మనిషి. వెంట పిల్లనిచ్చిన మామ, నర్సంపేటలో ఎరువుల వ్యాపారి. చూపంతా మామదే. మొదటి రోజు వాళ్లను కూర్చోమనలేదు, కూర్చుంటే ధర కూడా కూర్చుంటుంది. రెండో రోజు మాటల మధ్యలో మా తమ్ముడితో ఫోను చేయించి, "ఇంకో పార్టీ తొందరపడ్తాంది అక్కా" అనిపించాను. మూడో రోజు మామే ఒక మెట్టు ఎక్కాడు, నాలుగో రోజు ఇంకో మెట్టు. రెండు వారాలకు హన్మకొండ ఇంటికి సరిపోయి, రిజిస్ట్రేషను ఖర్చు మీద ఇంకొంత మిగిలే ధర దగ్గర మాట కుదిరింది. నా మీద నాకే ముచ్చటేసింది. బాపు ఉంటే బాగుండు అనుకున్నాను.

బయానా, అంటే అడ్వాన్సు, ఇచ్చే రోజు మంచిరోజు చూసి మడిగలోనే కూర్చున్నాం. మామ తమలపాకుల మీద నోట్ల కట్ట పెట్టి అల్లుడి చేతికిచ్చాడు. అల్లుడు ఆమె ముందు చాపాడు. ఆమె చెయ్యి ముందుకు వచ్చింది. చీరకు తుడుచుకోవడం చూశాను. చూసి కూడా నాకు తట్టలేదు చూడండి, నా తెలివి! కట్టను కాదు, ఆ అబ్బాయి చూపుడువేలు పట్టుకుంది.

"లే బిడ్డా. ఇటు రా."

వెనక గోడకు ఉన్న ఖాళీ అర పక్కకు జరిపించి, ఆ వేలును గోడ కింది భాగంలో పెట్టింది. పిక్కంత ఎత్తులో మట్టిరంగు గీత ఉంది.

"రెండు వానకాలాల సంది సందుల మోరీ పొంగి నీళ్లు లోపటికొస్తానయ్. గింత దాంక. సూసినవా?"

ఆయన మామ దిక్కు చూశాడు.

"మామను గాదు, గోడను సూడు. సూసిన అను."

"సూసిన," అన్నాడు.

లేచి నిలబడ్డ మామ మళ్లీ మెల్లగా కూర్చున్నాడు. రెండు చేతులు జోడించాడు. "దేవత లెక్క చెప్పినవ్ తల్లీ. ఈ కాలంల గిట్ల చెప్పేటోళ్లు ఏడున్నరు?" అని ఒక నిమిషం ఆమెను పొగిడాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "మరి గీ నీళ్లకు ఎంత తగ్గిస్తవ్?"

ఆమె కొంగు లాగాను. వినలేదు. దుకాణంలో దుప్పటికి లెక్క వేసినట్టే మొదలుపెట్టింది. గోడకు ఇంత. షట్టరు సగంలో పట్టుకుంటుంది, దానికి ఇంత. పైకప్పులో ఒక పగులు, దానికి ఇంత. ఎరువుల వ్యాపారి అడగాలనుకున్న దానికన్నా ఆమె తగ్గించిందే ఎక్కువని అతని ముఖంలో నాకు కనబడింది. తమలపాకులు సర్దుకున్నాడు.

వాళ్లు పోయాక అడిగాను. "నీళ్ల సంగతి ఆయన అడిగిండా పెద్దమ్మా?"

"అడగలే."

"మరెందుకు చెప్పినవ్?"

ఆమె తన చేతి దిక్కే చూసుకుంది. "తెల్వది పిల్లా," అన్నది.

అంత తగ్గాక డబ్బు చాలలేదు, హన్మకొండ ఇల్లు వేరేవాళ్లు కొనుక్కున్నారు. వచ్చిన డబ్బు బ్యాంకులో వేసుకొని ఆమె ఒక మేడ మీది గదికి కిరాయికి పోయింది. ఇరవై నాలుగు మెట్లు, నల్లా కింద. నేను పదకొండు నెలలు పోలేదు. ఆమె మోకాళ్లను తలచుకొని కోపమొచ్చిందని అందరికీ చెప్పాను. అబద్ధం. నేను గెలిచిన ఒక్క పెద్ద బేరాన్ని నా చేతిలోంచి తీసి పారేసిందని కోపం. ఓడినోళ్ల కోపం ఎంత నీచంగా ఉంటుందో బేరగాళ్లను అడగండి, చెప్తారు.

తర్వాతి వానాకాలం చివర్లో నా ఫోను అద్దం పగిలింది. తిరిగి తిరిగి ఆ మడిగకే పోయాను. లోపలంతా తెల్లటి లైట్లు. "ఈసారి నీళ్లెట్ల వచ్చినయ్ బాబూ?" అని అడిగాను.

"ఒక్క చుక్క రాలేదాంటీ. మేం రిజిస్ట్రేషను చేసుకున్న రెండు నెలలకే సందుల కొత్త మోరీ కట్టిండ్రు. ఆ అమ్మ ఉత్తగనే భయపడ్డది." నవ్వాడు. "మాకైతే కలిసొచ్చింది."

అక్కడి నుంచి సీదా ఆమె దగ్గరికి పోయాను. మంచం మీద కూర్చొని ఉంది, మనిషి సగమైంది. కింది పోర్షనామె రోజుకో బిందె నీళ్లు పైకి తెచ్చిపెడుతుందట. ఎందుకు రాలేదని అడగలేదు. నేనే పాత సంగతి కెలికాను, ఏదో ఓదార్చినట్టు. "అంత నీతి నాకు లేకపాయె పెద్దమ్మా," అన్నాను.

"నీతి ఎక్కడిది పిల్లా?" అన్నది విసుగ్గా. "మిల్లుల డాగులు సూసుడే నా పని. ఒక్క డాగు తప్పితే కూలి కోత, మీదున్న ముకద్దం మేస్త్రి తిట్లు. పద్నాలుగేండ్లప్పుడు పట్టిన భయం అది. దుకాణం మనదైనా పోలే. ఆ దినం నోరు మూసుకుందామనే అనుకున్న, ఒట్టు. చెయ్యి ఆగలే." మోకాలు నిమురుకుంటూ, "తప్పైంది. ఈ మెట్లెక్కినప్పుడల్లా అనుకుంట, తప్పైందని," అన్నది.

కింద ఎవరో నల్లా విప్పారు. ఆ చప్పుడు విని ఆమె అడిగింది. "ఆ పిలగాని మడిగలకు నీళ్లొచ్చినయా ఈ యేడు?"

ఆమె ముఖం చూశాను. వచ్చినయని వినాలని ఉంది ఆమెకు. నీళ్లు వస్తే ఆ చెప్పడం వృథా కాలేదు, ఈ మెట్లకు ఒక అర్థముంది. ఒక్క చుక్క రాలేదని ఎట్లా చెప్పను? ధర కోసం వెయ్యి అబద్ధాలాడినదాన్ని. ఒక్కటి ఊరికే ఆడితే ఏం పోతుంది?

"వచ్చినయ్ పెద్దమ్మా."

"ఎంత దాంక?"

సరుకు అమ్మేటప్పుడు కొంచెం పెంచి చెప్పడం మా రక్తంలో ఉంది. "మోకాలు దాంక!" అన్నాను.

ఆమె ముఖం తేటపడింది. ఒక్క ఊపిరి పీల్చేంత సేపు. తర్వాత భృకుటి ముడిపడింది. చెయ్యి చాచి తన పిక్క మీద పెట్టుకుంది, తర్వాత మోకాలి మీద పెట్టుకుంది.

"నేను పిక్క దాంకనే సూపిచ్చిన గద."

మాట మార్చడానికి ఆమె దిండు సర్దాను.

"మోకాలు దాంక వస్తే నేను తక్కువ చెప్పినట్టు. ఫోన్లు తడిసినయా? కింది అరల పెట్టిండా పాపం? నేను గంతే అన్నననే పెట్టి ఉంటడు."

"తడవలే పెద్దమ్మా, ఏం గాలే."

"ఇంకింత తగ్గియ్యాల్సుండె పిల్లా."

మర్నాడే మళ్లీ పోయాను. "నేనే ఎక్కువ చెప్పిన, పిక్క దాంకనే వచ్చినయట," అన్నాను. ఆ తర్వాతి సారి నిజమే చెప్పేశాను, ఒక్క చుక్క కూడా రాలేదని, కొత్త మోరీ కట్టారని. ఆమె నా దిక్కు జాలిగా చూసింది.

"నా మనసుకని తగ్గిస్తానవ్. నువ్వు బేరగత్తెవు, నాకు తెల్వదా?"

ఇక ఏం చెప్పినా నమ్మలేదు. పోయినప్పుడల్లా అదే మాట, ఆ పిలగాని ఫోన్లు ఎన్ని తడిసి ఉంటాయని. టిఫిను డబ్బా మూత తీయకుండా అట్లనే ఉంటోందని కింది పోర్షనామె నాతో చెప్పింది. ఒక రోజు మంచం కింది నుంచి రెండు దుప్పట్లు తీసింది, దుకాణం చివరి సరుకులోవి. "ఇవి ఆయినకియ్యి. మోకాలు దాంక నీళ్లకు ఇవి సాలయ్, ఉంచుకొమ్మను." తెచ్చాను. ఇయ్యకుండా ఇంట్లోనే పెట్టుకున్నాను. ఏమని ఇవ్వాలి? రెండు వారాలకు పాలకుర్తి నుంచి చెల్లెలి కొడుకు ఫోను చేశాడు, పొద్దున ఆమె లేవలేదని కింది పోర్షనామె కబురు చేసిందట.

పదో రోజు పాలకుర్తిలో బజారోళ్లంతా వచ్చారు. ఆర్నెల్లు నడవదన్నవాళ్ల కొడుకులు ఆమె నిజాయితీ గురించి ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నన్నూ రెండు మాటలు చెప్పమన్నారు. గొంతు బాగలేదన్నాను.

మొన్న దుప్పట్లు పట్టుకొని మడిగకు పోయాను. ఫోన్లాయన పని మీద ఉన్నాడు. కౌంటరు మీద పెట్టాను.

"ఏందాంటీ ఇవి?"

"ఆమె నీకియ్యమన్నది. నీళ్లకు."

"ఏం నీళ్లు? ఒక్క చుక్క రాలే అని మీకు చెప్పిన గద."

"చెప్పినవ్."

"మరి?"

"ఆమె దగ్గరికి వచ్చినయ్," అన్నాను. "మోకాలు దాంక."

ఆయనకు అర్థం కాలేదు. గిరాకి వస్తే అటు తిరిగాడు. నేను దుప్పట్లు అక్కడే వదిలి, రోడ్డు మీదికి వచ్చి ఆటోను పిలిచాను. ఆటో అతను కిరాయి ఎక్కువే చెప్పాడు. ఎక్కి కూర్చున్నాను.